వదిన పలికిన పేరు

ప్రతి నవంబరులోనూ మహిళా సంఘాల్లో ఒకే కథ చెప్పేదాన్ని. సంఘాలకు ఇలాంటివి చెప్పడమే నా ఉద్యోగం. సముద్రాల అవతల, కరేబియన్ దీవుల్లో ఒక చిన్న దేశం. దాన్ని ముప్పై ఏళ్లు ఒక్కడే ఏలాడు. ఇంటింటా తన పటం పెట్టించి, ఈ ఇంటికి యజమాని ఈయనేనని రాయించాడు. ఎదురు తిరిగిన ముగ్గురు అక్కచెల్లెళ్లను కొట్టి చంపించాడు. వాళ్లు పోయిన నవంబరు రోజునే ఇప్పుడు ఆడవాళ్లపై హింసకు వ్యతిరేక దినంగా జరుపుతారు. తమిళనాడులోని హరూర్ నుంచి బస్సుల్లో నిలబడి ఊరూరా తిరిగి ఈ కథ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. విన్నవాళ్లు అయ్యో అంటారు, లేచి వంటకు పోతారు.

ఆ ఏడు ఏ. పళ్లిపట్టి దగ్గర మా పుట్టింటి ఊళ్లో చెప్పాను. పటం మాట రాగానే ఒక ముసలామె పకపకా నవ్వింది.

"మన ఇండ్లలో పటం ఏమిటికి తల్లీ? మనిషే కూర్చోని ఉండాడు కదా!"

అందరూ నవ్వారు. మా వదిన ఒక్కతే నవ్వలేదు.

వదిన ఆ ఊరి తలైవరు, అంటే పంచాయతీ ప్రెసిడెంటు. ఆడవాళ్ల కోటాలో వచ్చిన పదవి. ఏలేది మాత్రం మా అన్న. కుర్చీ ఆయనది, గోడకు ఆనుకుని నిలబడటం ఆమెది. వానలు తప్పిన ఆ ఏడు, వీధి కొళాయిల బోరు నీళ్లను అన్న తన పసుపు తోటకు తిప్పుకున్నాడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి వదిననే తిట్టేవాళ్లు.

"తలైవరు నువ్వు కదక్కా! మా నీళ్లు యాడికి పోయినాయో నీకు తెలీదా?"

తెలుసు. ఊరందరికీ తెలుసు. కానీ అన్న మీద నోరెత్తే మగాడు ఆ ఊళ్లో లేడు.

మా వాళ్లలో భార్య మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట. రేషన్ షాపులో, ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే పక్కనున్న ఆడది చెప్పాలి. వదిన తరఫున ఎన్నిసార్లో నేనే చెప్పాను.

రిపబ్లిక్ డే గ్రామసభకు నేనూ వెళ్లాను. ఒక అధికారి వచ్చాడు. ఆడవాళ్లు నీళ్ల సంగతి అడిగారు. మోటారు రిపేరని అన్న కుర్చీలోంచే జవాబిచ్చాడు.

"రిపేరు లేదు సార్," అంది వెనక నుంచి వదిన. "నీళ్లు తోటకు పోతా ఉండాయి."

"ఎవరి తోటకు?"

"మా ఇంటాయన తోటకు."

అధికారి పెన్ను ఆపాడు. "అట్లా రాస్తే చెల్లదమ్మా. తలైవరు మీరు. పేరు మీ నోటితో చెప్పండి."

వదిన అలవాటుగా నావైపు చూసింది. నేను నోరు తెరిచాను. ఆమె వద్దని చెయ్యెత్తింది. మొగుడి పేరు తనే చెప్పింది, దాని ముందుండే చచ్చిపోయిన మామ పేరుతో సహా. మాట తడబడలేదు.

ఆవేళ పకపకా నవ్విన ముసలామే "అయ్యో పెరుమాళ్లా!" అని చెవులు మూసుకుంది. "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్లేదు," అంటూ అన్న కండువా దులిపి లేచిపోయాడు. పోతూ పోతూ, కథలు చెప్పి కొంపలు కూలుస్తావని నన్ను తిట్టాడు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చోమని అధికారి ఎంత చెప్పినా వదిన కూర్చోలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత చేసి ఇంకా ఆ గోడ దగ్గరేనా?

అధికారి తోట పైపు తీయించాక, మర్నాడు సాయంత్రానికి వీధి కొళాయిల్లో నీళ్లొచ్చాయి. సంతోషం రావాలి కదా, రాలేదు. ఒట్టి అలసట. నాలుగు బిందెల నీళ్ల కోసం ఒక ఆడది ఇంత మొయ్యాలా అనిపించింది.

వదిన కూడా బిందె తెచ్చి వరుసలో నిలబడింది. తన వంతు వచ్చాక, నీళ్లు నిండుతుండగా అడిగింది.

"ఆ ముగ్గుర్నీ చంపించినాక వాడు ఎన్నాళ్లు బతికినాడు?"

"ఏడాది కూడా లేడు వదినా. వాణ్నీ చంపేశారు."

బిందె మెడదాకా నిండింది.

"మీ అన్న బాగానే ఉండాడు. నాతో మాట్లాడలేదు గానీ, పొద్దున కడుపునిండా తిని తోటకు పోయినాడు." కొళాయి కట్టేసింది. "పేరు చెప్తే ఆయన ఆయుస్సు తగ్గుతుందనిరి. చెప్పక చెప్పక ఇన్నేండ్లూ తగ్గింది నాది."

నేను బిందె ఎత్తి ఆమె నడుముకు అందించాను.