కొబ్బరినూనె రాసిన ప్లగ్గు వైర్లు

మా ఈడువాళ్లకి గుర్తుందా? మన కోనసీమలో ఉప్పుగాలికి పాడవుతుందనుకున్న ప్రతిదానికీ కొబ్బరినూనె రాసేవారు. టాక్సీ తోలే మా నాన్న ఇంజను ప్లగ్గు వైర్లకీ రాసేవాడు. ఆ కాగిన నూనె వాసనంటే నాకు నాన్నే.

ఈ ఉదయం రాజోలు షెడ్డులో నా పాతకారు బానెట్ ఎత్తగానే అదే వాసన. ఎండలో బాగా నడిచే బండి, ముసురు పట్టిందంటే ఆగి ఆగి కొట్టుకుంటోంది. మెకానిక్ ఇంజను ఆడుతుండగానే వైర్ల మీద నీళ్లు చిలకరించేడు. నీలం రవ్వలు ఎగిరేయి.

"వైర్లకి నూనె రాసేరా పాస్టరుగారూ?"

"ఆయ్. మా నాన్నగారి అలవాటండి."

"నూనెకి రబ్బరు ఉబ్బి పగిలిపోయిందండి. చెమ్మ తగిలితే కరెంటు ప్లగ్గుకి అందకుండా బయటికి పోతాది."

నా చిన్నప్పటి మాట. జ్వరంతో ఉన్న చెల్లిని అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, నాన్న టాక్సీ వానలో ఇలాగే కొట్టుకుని ఏటిగట్టు మీద ఆగిపోయింది. నాన్న బానెట్ మీద బైబిలు పెట్టి సాతానుని గద్దించేడు. చెల్లి అమ్మ ఒళ్లోనే చల్లబడిపోయింది.

సమాధి దగ్గర దేవుని చిత్తం అన్నారు. నేనూ ఎన్నో ప్రార్థన కూటాల్లో గొంతు చించుకుని అదే సాక్ష్యం చెప్పేను. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మనకి కంఠతా వచ్చు సహోదరులారా. నేను ఇన్నేళ్లూ పలికింది దేవుడి మీద.