ఇబ్రిలో మేం కట్టిన అమెరికా

ఒమన్‌లోని ఇబ్రి ఊళ్ళో అమెరికన్ సిలబస్ చెప్పే ఒక ప్రైవేటు బడిలో నేను సోషల్ టీచర్ని. నేను పుట్టింది గోదావరి జిల్లాలో. చెప్పేది అమెరికా చరిత్ర. వినేది ఒమానీ, ఈజిప్టు, ఇండియా పిల్లలు. మాలో ఎవరూ అమెరికా చూసినవాళ్ళం కాదు కాబట్టి పాఠం ఏ అడ్డంకీ లేకుండా సాగిపోయేది.

ఈ ఏడు వార్షికోత్సవానికి ఆ పాఠాన్నే నాటకం వేయించమన్నాడు ప్రిన్సిపల్. ఓడల్లో వలస వచ్చినవాళ్ళు, గూడుబండ్లు కట్టుకుని పడమటికి పోయి భూములు ఆక్రమించుకున్నవాళ్ళు, రైళ్ళు, ఫ్యాక్టరీలు, అన్నీ ఉండాలి, త్వరగా అయిపోవాలి. గూడుబండిలో కూర్చునే వేషానికి క్లాసంతా చేతులెత్తింది. ఫ్యాక్టరీ యజమాని వేషానికి ఇద్దరు కొట్టుకున్నారు. ఆ నేలమీద ముందునుంచీ బతుకుతున్న తెగల వేషానికి మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఆ సీను తీసేయండి, టైం కలిసొస్తుంది" అన్నాడు ప్రిన్సిపల్. అమెరికాలోనూ ఇంచుమించు ఇలాగే ఆలోచించారు కాబట్టి తీసేశాను.

రైలు పట్టాలు వేసే కూలీలుగా నలుగురు అబ్బాయిల్ని నేనే ఎంపిక చేశాను. మర్నాడే ఒకబ్బాయి తల్లి వచ్చింది. మన తెలుగావిడే, భర్త కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు.

"మావాడు పలుగు పట్టుకుని స్టేజీ ఎక్కితే ఆయన కంపెనీలో తలెత్తుకోగలరా మేడం? బండిలోనే ఓ మూల కూర్చోబెట్టండి."

మిగతా తల్లులు ఆ మాటే ఫోన్లో చెప్పారు. బండిలో జనం కిక్కిరిశారు, పట్టాలు వేసేవాడు లేడు.

అప్పుడు ప్రిన్సిపల్ కంట మేస్త్రీ పడ్డాడు. బడి మెయింటెనెన్స్ చూసే కంపెనీలో పనివాడు, జగిత్యాల వైపు మనిషి. కేబుల్ చుట్టే పెద్ద చెక్క చక్రాలు తెచ్చి మా గూడుబండి తయారుచేసింది అతనూ, అతని ముగ్గురు జతగాళ్ళూ.

"వీళ్ళకు డ్రెస్సుల ఖర్చు కూడా ఉండదు" అని ప్రిన్సిపల్ మురిసిపోయాడు.

నేను వెళ్ళి మేస్త్రీని అడిగాను.

"గిది డ్యూటీల రాస్తరా మేడం?"

రాస్తారన్నాను.

"ఇంకేంది మరి, అమెరికాకే పట్టాలేద్దం."

తీరా స్టేజీ ఎక్కాక, సుత్తితో కొట్టినట్టు నటించడం వాళ్ళకు చేతకాలేదు. నిజంగానే కొట్టారు. స్టేజీ అదిరింది. పడమటికి పోవలసిన బండి పిల్లలతో సహా తూర్పుకు దొర్లడం మొదలెట్టింది. అటువైపు అట్టముక్కల ఫ్యాక్టరీ, దాని వెనకే స్టేజీ అంచు. పిల్లలు కెవ్వుమన్నారు. మేస్త్రీ సుత్తి పారేసి, ఒక్క గంతులో వెళ్ళి చక్రానికి భుజం అడ్డుపెట్టాడు. మిగతావాళ్ళు వెనకనుంచి లాగి పట్టుకున్నారు. బండి ఆగింది. అదీ నాటకంలో భాగమే అనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

ముఖ్య అతిథి పడమటికి పోయినవాళ్ళ సాహసాన్ని తెగ మెచ్చుకుని, బండిలో కూర్చున్న పిల్లల మెడల్లో పతకాలు వేశాడు. మేస్త్రీ బృందాన్ని కుర్చీలు సర్దమన్నారు.

భుజానికి రాసుకోమని మందు తీసుకెళ్ళి ఇచ్చాను. అతను నవ్వుతూ అడిగాడు.

"మేడం, గా బండ్లల్ల పోయినోళ్ళకు నిజంగనే భూములిచ్చిండ్రా?"

"చాలామందికి ఇచ్చారు."

"మరి పట్టాలేసినోళ్ళకు?"

"కూలీ ఇచ్చారు. తర్వాత కొందరిని మా దేశంలో ఉండొద్దన్నారు."

"ఇంటికి పోనీకి టికెట్టన్న ఇచ్చిండ్రా?"

"లేదు."

"గట్లయితే మా కంపెనీయే నయం" అంటూ మందు రాసుకున్నాడు.

పరీక్షలో, అమెరికాలో రైలు పట్టాలు ఎవరు వేశారని ఒక ప్రశ్న ఇచ్చాను. చైనా నుంచీ, ఐర్లండ్ నుంచీ వచ్చిన కూలీలని పుస్తకంలో స్పష్టంగా ఉంది. సగం క్లాసు "మెయింటెనెన్స్ అంకుల్స్" అని రాసింది. ఇంజనీరుగారి అబ్బాయీ అదే రాశాడు. అందరికీ మార్కులు వేసేశాను.

ప్రిన్సిపల్ పిలిచి సంజాయిషీ అడిగాడు.

"కళ్ళారా చూసింది రాశారు సార్" అన్నాను.

ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, తల్లిదండ్రుల మీటింగులో దాన్ని తన బోధనా పద్ధతిగా చెప్పుకుని మళ్ళీ చప్పట్లు కొట్టించుకున్నాడు.