తమ్ముడి రేడియోలో కుట్టు మిషను

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురెంత ఉంది అని అడిగే మనిషిని నేను. జగ్గయ్యపేటలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. జవాబు సరిపోయినా స్టెప్పులు లేకపోతే మార్కులు వేసేదాన్ని కాదు. ఇప్పటికీ నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా తమ్ముడు ప్రసాదు నందిగామలో ఉంటాడు. కిరాణా వ్యాపారం తప్ప మరొకటి తెలియని మా ఇంట్లోంచి మిలటరీకి వెళ్ళినవాడు వాడొక్కడే. అక్కడ వైర్‌లెస్ ఆపరేటరు. తను పనిచేసిన రకం రేడియో సెట్టే పాత సామాన్ల కొట్లో కనబడితే కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె, ఇద్దరు పడితేగాని కదలదు. లారీ బ్యాటరీ మీద నడుస్తుంది. స్పీకరు లేదు, హెడ్‌ఫోను పెట్టుకొని వినాలి. భోజనం చేసి దాని ముందు కూర్చుంటే సాయంత్రం టీకే లేచేవాడు.

పోయిన ఎండాకాలం ఆ సెట్టులో ఒక గరగర మొదలైంది. మధ్యాహ్నాలే వచ్చేది. ఏ స్టేషను పెట్టినా అదే. కాసేపు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చేది. వాడి భార్య కుమారి ఒకసారి హెడ్‌ఫోను పెట్టుకుంటే ఏమీ వినపడలేదట. దాంతో గోల వాడి బుర్రలోనే ఉందనుకొని డాక్టరుకు చూపించింది. ఆయన ఇచ్చిన మాత్రలకు వాడు కంచం ముందు కూడా తూగుతున్నాడు. సోమవారం పాత ఇనుము బండికి సెట్టు వేసేస్తున్నానని కుమారి నాకు ఫోను చేసింది.

మధ్యలో వాడు ఫోను లాక్కున్నాడు. "అక్కా, నువ్వొకసారి వచ్చి వినవే. నీకూ వినపడకపోతే నేనే దగ్గరుండి బండి ఎక్కిస్తా. మాత్రలు కూడా గొడవ చెయ్యకుండా మింగుతా."

బస్సెక్కి వెళ్ళాను.

కుమారి గుమ్మంలోనే చెప్పింది. "వదినా, ఆయన బాధపడతారని లేనిది ఉందనకండి."

"ఉంటేనో?"

"మీకు వినపడితే నాకు వినపడినట్టే. ఆ పెట్టె దుమ్ము రోజూ నేనే దులుపుతా."

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. చాలాసేపు హోరు తప్ప ఏమీ లేదు. ప్రసాదు నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది. పొడుగ్గా ఒక గరగర, చివర టకటకమని చిన్నది. ఆగింది. మళ్ళీ అంతే పొడుగుది.

నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను, అందుకే పోల్చుకోగలిగాను. అది మోటారు బిగించిన కుట్టు మిషను. పక్క కుట్టు, దారం ఊడకుండా రివర్సు కుట్టు. ఆ తరవాత రెండో పక్క. ఆగి ఆగి వంపు తిరిగేది చెయ్యి అతికించటం. రెండో చెయ్యి సగంలో ఉండగా, రివర్సు కుట్టు పడకుండానే ఆగిపోయింది.

"ఎవరో జాకెట్టు కుడుతున్నార్రా" అన్నాను.

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకూ వినపడిందిగా, చాలు."

నాకు చాలదు. ఎక్కడినుంచో తేలకుండా కుమారికి చెబితే అది సగం జవాబే.

ఎలా వెతకాలో వాడే చెప్పాడు. మోటారు గోల మామూలు ట్రాన్సిస్టరులోనూ పడుతుంది, దగ్గరికి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. మర్నాడు ముందు ఇంటి మెయిన్ ఆపాం. గోల తగ్గలేదు. ట్రాన్సిస్టరు పట్టుకొని ఎండలో బయలుదేరాం. మెయిన్ రోడ్డు వైపు నడిస్తే తగ్గింది. వెనక సందులోకి తిరిగితే పెరిగింది. చివర తాళం వేసిన ఒక గది ముందు చెవులు గింగుర్లెత్తేలా మోగింది.

"సుశీలమ్మ గది" అన్నాడు వాడు, గొంతు తగ్గించి. కుమారికి జాకెట్లు కుట్టిన మనిషి. చలికాలంలో మిషను ముందు కూర్చునే గుండె ఆగి పోయింది. "ఇంక వెళ్ళిపోదాం పదవే."

"తాళం తీయించందే కదల్ను."

పక్క వాటాలోంచి ఓనరు తాళంచెవి తెచ్చాడు. "ఆవిడ పోయాక అద్దెకు ఎవరూ రావట్లేదమ్మా. మీరేమన్నా చేరతారా?" అంటూ తలుపు తోశాడు.

మిషను గోడవారగా ఉంది. కదలటం లేదు. నా చేతిలో ట్రాన్సిస్టరు మాత్రం కుడుతూనే ఉంది.

నేను చూసినవి ఇవి. మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి ఉంది. మోటారు ప్లగ్గు నేల మీద పడి ఉంది. మిషను చక్రం నిండా దుమ్ము. వేలితో గీస్తే గీత పడింది. సూది కింద నీలం జాకెట్టు, ఒక చెయ్యి అతికించి ఉంది, రెండోది సగం వరకు వచ్చింది.

దాన్ని చూస్తుండగానే ట్రాన్సిస్టరు ఆగింది. రెండో చెయ్యి సగంలో.

"బ్యాటరీ అయిపోయినట్టుందండి" అన్నాడు ఓనరు.

ఇంటికొచ్చేసరికి కుమారి గుమ్మంలో ఎదురుచూస్తోంది. "మోటారు మిషను గోలే. వెనక సందులో ఉంది. నీ మొగుడి బుర్ర బాగానే ఉంది" అన్నాను. స్టెప్పులు లేకుండా జవాబు చెప్పటం నా జన్మలో అదే మొదలు. ప్రసాదు తల ఎత్తలేదు. సోమవారం బండి ఖాళీగా వెళ్ళింది. కుమారి డాక్టరుతో మాట్లాడి మాత్రలు ఆపించింది.

జాకెట్టును ఓనరునడిగి జగ్గయ్యపేటకు తెచ్చుకున్నాను. సగం కుట్టిన బట్టను అలా వదిలెయ్యటం నాకు నచ్చదు. రెండో చెయ్యి పూర్తి చేసి, రివర్సు కుట్టు వేసి, తిరిగి ఇచ్చేశాను. గోల ఆగింది.

కొన్నాళ్ళకు ప్రసాదు ఫోను. "అక్కా, మళ్ళీ వచ్చింది. ఈసారి వేరేగా ఉందే."

వెళ్ళి విన్నాను. చంకల దగ్గర వంపు లేదు. పొడుగ్గా ఒకే కుట్టు, తరవాత గుడ్డ కుచ్చిళ్ళు పడుతున్నట్టు నిదానంగా మరొకటి. చిన్నపిల్ల గౌను. ఒక్కదాన్నే సందులోకి వెళ్ళి కిటికీ సందులోంచి చూశాను. చక్రం మీద నేను గీసిన గీత అలాగే ఉంది. సూది కింద ఏమీ లేదు.

కరెంటు లేదు, చక్రం తిరగలేదు, గోల ఉంది. మూడూ నేను స్వయంగా సరిచూసినవే. మూడూ కలిపితే ఏం రావాలో ఇప్పటికీ తెలియదు.

నిన్న కుమారి ఫోను చేసింది. "వదినా, సుశీలమ్మ పోయాక ఇక్కడ కుట్టేవాళ్ళే లేరనుకున్నా. వెనక సందులో ఆ మిషను ఎవరిదండీ? జాకెట్టు గుడ్డలు ఇచ్చొద్దామని."

కనుక్కొని చెబుతానన్నాను.