వజ్రం అత్తయ్య, అంచుతో పోయిన దేవసేన

గాజు కోసేవాళ్ళు లోకంలో చాలామంది ఉండొచ్చు. గాజును భయపెట్టి కోసేది మాత్రం మా అత్తయ్య ఒక్కతే. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, కింది పెదవి పళ్ళ మధ్య ఉంటుంది, చేతిలో వజ్రపు మొన ఉన్న కోతపుల్ల ఉంటుంది. ఒక్కటే గీత. ఆ కిర్రుమన్న చప్పుడుకి ఎదురు మేడమీది పావురాలు లేచిపోయి, మళ్ళీ భోజనాల వేళకే దిగేవి. నమ్మకపోతే పావురాల్నే అడగండి. ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ వజ్రం అత్తయ్యే.

బడి మీద జాలిపడి పదో తరగతిలోనే దాన్ని వదిలేసిన మేధావిని నేను. ఈ చరిత్ర రాయడానికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు. పైగా అత్తయ్యావాళ్ళ పటాలు కట్టే కొట్లో ఏళ్ళ తరబడి కూర్చుని కబుర్లు చెప్పాను. అదీ పనే.

అత్తయ్యకు అమ్మానాన్నలు గుర్తు లేరు. క్రేను నడిపే మేనమామ పెంచాడు. ఆయన క్రేను ఎక్కితే, దాన్ని లేపడానికి ఇంకో క్రేను రావాల్సి వచ్చేదట. అందుకే ఆయన్ని అందరూ ఏనుగు అనేవాళ్ళు. అత్తయ్యకు జడలు వేసింది ఆ చేతులే. సరుకు కట్టే ముడి తప్ప ఆయనకు వేరే ముడి రాదు కాబట్టి, ఆ జడలు వారం దాకా ఊడేవి కావు.

కొట్లో చెక్క పని అత్తయ్య మొగుడు, అంటే మా మావయ్యది, గాజు పని అత్తయ్యది. గాజు వృథా కాకూడదన్నది మావయ్య వేదం. మిగిలిపోయిన పలకల్లో ఒకటి తీస్తాడు. బొమ్మ అందులో పట్టకపోతే బొమ్మ అంచు కత్తిరిస్తాడు. పోతే కాస్త గడ్డి పోతుంది, కాస్త మబ్బు పోతుంది. మబ్బు తక్కువైందని ఎవడు కొట్లాటకొస్తాడు?

ఆ రోజు టైలరమ్మ తన అమ్మమ్మ నాటి పటం తెచ్చి ఇచ్చి వెళ్ళింది. మధ్యలో సుబ్రహ్మణ్యస్వామి, అటొక దేవి, ఇటొక దేవి. మావయ్య పలక వేసి చూశాడు. పట్టలేదు. కత్తెర ఆడించాడు. ఒక దేవి నిలువునా అంచుతో పాటు వచ్చేసింది.

అత్తయ్య ఆ ముక్క అందుకుంది. "ఏమండీ, ఇది మబ్బా?"

"పక్కనెక్కడో నుంచుందిలేవే. ఊరూ పేరూ లేని మనిషి, ఎవరి పిల్లో ఏమో. ఒకావిడ ఉందిగా, చాలదూ?"

అత్తయ్య కోతపుల్లను డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఎవరి పిల్లో కనుక్కుని రండి. టైలరమ్మ వచ్చేలోగా చెప్పలేదనుకోండి, నేను మా ఏనుగు మామ దగ్గరికి పోతా. గాజు తమరే కోసుకోవచ్చు."

మావయ్య చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన కిందటిసారి గాజు కోసినప్పుడు ఒక్క పలక ముక్కలై కొట్టంతా అద్దాల మేడ అయిపోయింది. మేమంతా కాళ్ళు నెత్తిన పెట్టుకుని నడిచాం.

సలహాదారుగా నేనూ వెంట బయల్దేరాను. ముందు పక్కింటి సంస్కృతం మాస్టారి దగ్గరికి వెళ్ళాం.

"స్వామికి ఎడమ పక్కనా? అయితే దేవసేన" అన్నాడాయన. "ఇతిహాసంలో ప్రజాపతి కూతురు. కేశి అనే రాక్షసుడు ఎత్తుకుపోతుంటే ఇంద్రుడు విడిపించి స్వామికిచ్చి పెళ్ళి చేశాడు. కొన్ని పురాణాల్లో ఇంద్రుడి కూతురే."

"అదేంటి మాస్టారూ, ఒక పిల్లకి ఇద్దరు నాన్నలా?" అన్నాను.

"పుస్తకానికొక నాన్న నాయనా."

అక్కణ్ణించి టైలరమ్మ కొట్టుకి. ఆవిడ అమ్మమ్మది తమిళం. మిషన్ ఆపకుండానే చెప్పింది.

"మా అమ్మమ్మ చెప్పేది అన్నయ్యా, దేవసేనా, వల్లీ అక్కచెల్లెళ్ళు, ముందు జన్మలో విష్ణుమూర్తి కూతుళ్ళే. స్వామి కోసం తపస్సు చేశారు. వల్లి జింక కడుపున పుట్టి, దుంపలు తవ్విన గుంటలో వేటగాళ్ళకి దొరికింది. దేవసేన ఇంద్రుడింటికి చేరింది. ఇంతకీ ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికేనమ్మా. జనరల్ నాలెడ్జి" అన్నాడు మావయ్య.

"నీకా?" అని మిషన్ ఆపేసింది. "నా పటం బాగానే ఉందా?"

"దేవుడు క్షేమం" అన్నాను నేను. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మావయ్య మెట్లు దిగుతూ గొణిగాడు. "ముగ్గురు నాన్నలు తేలార్రా. ఒక్కడూ లేకపోతే ఓ దారి. ముగ్గుర్ని మీ అత్తయ్యకి ఎలా అప్పజెప్పను?"

వెనక నుంచి టైలరమ్మ కేకేసింది. "అన్నయ్యా, ఒకటి మరిచా! ఇంద్రుడి కూతురని పేరేగానీ, పెంచిందంతా ఆయన తెల్ల ఏనుగే!"

మావయ్య పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం వీధి అంతకుముందు చూడలేదు. రెండు ఆటోలు భయపడి దారిచ్చాయి.

కొట్లో అత్తయ్య సంచి సర్దుకుని కూర్చుంది.

"ఎవరి కూతురో పెద్దవాళ్ళే తేల్చుకోలేదే" అన్నాడు రొప్పుతూ. "ప్రజాపతంటారు, ఇంద్రుడంటారు, విష్ణుమూర్తంటారు. పెంచింది మాత్రం ఏనుగు. ఊరూ పేరూ లేదన్నది నా నోటి తీట. తప్పయింది."

అత్తయ్య దేవసేన ముక్కను చేతిలోకి తీసుకుంది.

"జడలు వేసిందా?"

"వేసే ఉంటుంది. అవి ఊడి ఉండవు."

కింది పెదవి పళ్ళ మధ్యకు పోయింది. డబ్బా మూత తీసింది.

కొత్త వెడల్పాటి పలక కోసింది. మావయ్య ముక్కను తెచ్చి స్వామి పక్కన అతికించి, అతుకు కనపడకుండా గాజు మీద సన్నటి చెక్క పట్టీ నిలువుగా వేశాడు. టైలరమ్మ వచ్చి కళ్ళు చికిలించింది.

"మధ్యలో ఈ గోడేంటి వదినా?"

"కోసింది మా ఆయన, అతికించింది మేమిద్దరం. నిజం చెప్తున్నా. తిట్టాలంటే ఆయన్ని తిట్టు. కానీ చూడు, దేవసేనకి సొంత గది వచ్చింది."

టైలరమ్మ తిట్టింది. బాగా తిట్టింది. తమిళంలో కూడా తిట్టింది. తర్వాత తల పక్కకి వంచి చూసింది.

"మరి వల్లికో?"

ఇంకో పట్టీ పడింది. ఇప్పుడు దేవేరులిద్దరికీ చెరో గది, స్వామి హాల్లో.

ఆ తర్వాత మావయ్య అడక్కుండానే ఏనుగు మామ ఫోటోకి పటం కట్టాడు. ఫోటోలోనే ఆయన పూర్తిగా పట్టలేదు, ఒక భుజం బయటే ఉండిపోయింది. ఉన్నంత మట్టుకు మావయ్య వెంట్రుకవాసి కూడా కత్తిరించలేదు. కొట్లో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద పలక తీసుకొచ్చి అత్తయ్య ముందు పెట్టి, పావురాలకి వినపడేలా అరిచాడు.

"కొయ్యవే!"