బొటనవేలు అడిగిన నీళ్లు

ఏడో తరగతిలో బడి మానేశాను. నా వల్ల ఆ బడికి జరిగిన మేలు అదొక్కటే. అలాంటి నన్ను కరోనా తగ్గిన మరుసటి వేసవిలో మొయినాబాద్ దగ్గరి తాగుడు మాన్పించే కేంద్రంలో వార్డు అటెండరుగా వేశారు. హోదాలో నాకంటే కింద ఉన్నది చీపురు మాత్రమే.

మందు ఆపిన మొదటి రోజులు గడ్డువి. చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. అందుకే కొత్తవాళ్లను విడిగా ఒక గదిలో ఉంచి గడియ పెట్టేవాళ్లం. మందు అడిగితే పట్టించుకోకూడదన్నది నియమం.

హిమాయత్‌నగర్ నుంచి ప్రభుదాస్ వచ్చాడు. పుట్టు చెవిటి, బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. తీసుకొచ్చిన మేనమామ సంతకం పెట్టి షేర్ ఆటో ఎక్కేశాడు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ అప్పగిస్తూ నర్సు, "పొద్దుగాల సంది మందు అడుగుతనే ఉన్నడు. చూడనట్టే ఉండన్నా" అంది.

కిటికీలోంచి చూశాను. పిడికిలి బిగించి బొటనవేలు నోటికి పెట్టుకుంటున్నాడు. మా వైపు ఆ సైగ చేస్తే దుకాణంలో సీసా చేతికొస్తుంది. నేనూ కదల్లేదు.

సాయంత్రం వాళ్లమ్మ ఎస్తేరమ్మ వచ్చింది. కిటికీలోంచి చూసి, "నీళ్లు అడుగుతుండు సారు. మందుకైతే వాడు సీసా మూత తిప్పినట్టు చేస్తడు" అంది.

పరుగున వెళ్లి గడియ లాగాను. తలుపు తీస్తే చెంబు బోర్లా పడి ఉంది. అతని నాలుక పిడచకట్టుకుపోయింది. డాక్టరు సెలైన్ ఎక్కించి, "ఇంకొక్క పూట అయితే చేతికి దక్కకపోతుండె" అన్నాడు. గుక్కెడు నీళ్లివ్వకపోవడాన్ని మేమంతా వైద్యమనుకున్నాం.

కోలుకున్నాక కౌన్సెలింగ్‌కు తల్లినే దుబాసీగా కూర్చోబెట్టారు. ఎందుకు తాగుతున్నావని అడిగితే అతను చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కన్నతల్లి నోట ఆ మాటలు ఎవరు చెప్పించుకుంటారు? ఆమెను బయటికి పంపి, సంజ్ఞా భాష తెలిసినావిడను నగరం నుంచి వీడియో కాల్‌లో పిలిచారు. ఇక ఆ చేతులు ఆగలేదు.

అప్పటినుంచి చెవిటివాళ్లను చేర్చుకునేటప్పుడే దుబాసీని పిలిచి, నీళ్లకూ నొప్పికీ ఏ సైగ చేస్తారో ముందే అడిగేవాళ్లం. రోగి భాష తెలియనప్పుడు నియమాన్ని పాటించడం కూడా ప్రమాదమేనని ఆ గది నేర్పింది.

నేనూ సైగలు నేర్చుకున్నాను. నేను రిటైరైన రోజు, మందు మానేసి పనిలో పడ్డ ప్రభుదాస్ తల్లితో వచ్చాడు. చేతులతో అతనికి ఓ ప్రసంగమే ఇచ్చాను. ఓపికగా చూసి, తల్లి వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ అంది:

"మీ చేతులకు నత్తి ఉన్నదంటుండు సారు. ఫికర్ చెయ్యకున్రి, రోజూ మాట్లాడితే పోతదంట."