ఊకెనే తొక్కితే

బండ్ల రొద ఉండదని ఆదివారాలు గరిడేపల్లి అవతల కాలువ కట్ట మీద సైకిల్ తొక్కుతాను. అక్కడ గొర్రెలు మేపే పెద్దాయన ప్రతిసారీ ఆపేవాడు.

"ఎటు పోతున్నవ్ సారూ?"

"ఎటూ లేదు తాతా, ఊకెనే."

"ఊకెనే ఎవరన్న తొక్కుతరా? షుగరా?"

మూడు వారాలు కాదని వాదించాను. నాలుగో వారం విసుగొచ్చి ఔనన్నాను. అంతే, కట్ట కింది చాయ్ హోటల్లో నాకు చక్కెర లేని చాయే దిక్కయింది. అడిగినా వెయ్యరు, పెద్దాయన ఆర్డరట. రెండు నెలలు ఆ చేదు మింగాను. మొన్న ఒళ్లు మండి, "తగ్గింది తాతా, మొత్తం తగ్గింది!" అని అరిచాను.

ఆయన మొహం వెలిగిపోయింది. నా చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేయించి, తాగేదాకా చూసి, నా సైకిల్‌ను వెనక్కి తిప్పిపెట్టాడు.

"ఇగ తొక్కుడెందుకు సారూ? ఇంటికి పో."