స్టెన్సిల్ మీద రాయని వాక్యం

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు చేసిన మేలేమీ లేదు. డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. తాత్కాలిక ఉద్యోగం. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని.

నెలకో శనివారం మధ్యాహ్నం అధ్యాపకుల్లో ఒకరు ప్రసంగించేవారు. ముందురోజు అందరికీ ఒక కాగితం అందేది. పైన ప్రసంగం వివరాలు, కింద కాలేజీ కబుర్లు: ఎవరికి కొడుకు పుట్టాడు, ఎవరికి డాక్టరేటు వచ్చింది, ఎవరు రిటైరవుతున్నారు. ప్రిన్సిపాల్ గారు చిత్తు రాసిస్తే దాన్ని మైనం పూసిన స్టెన్సిల్ మీద ఇనుప మొన కలంతో ఎక్కించడం నా పని. అటెండరు సైక్లోస్టైల్ యంత్రం తిప్పి ప్రతులు తీసేవాడు.

మా తాత్కాలికులకు ఆ కాగితమంటే హడలు. ఉద్యోగంలోంచి తీసేస్తే విడిగా ఉత్తర్వు ఇచ్చే ఆనవాయితీ లేదు. ఆ కబుర్ల చివర ఒక వాక్యం పడేది, అంతే. అందుకే మేమంతా దాన్ని కింది నుంచి పైకి చదివేవాళ్లం.

ఆ నెల ప్రసంగం చరిత్ర చెప్పే ఆయనది. ఆయనా తాత్కాలికుడే. దొర్నిపాడు మనిషి, ఆళ్లగడ్డలో బస్సు మారి నాతోపాటు నంద్యాలకు వచ్చేవాడు. అన్నా అని పిలిచేదాన్ని. నూరేళ్ల కిందటి కరువు గురించి ఊరూరా ముసలివాళ్లను అడిగి రెండు నెలలు రాసుకున్నాడు. గురువారం చిత్తు నా చేతికొచ్చింది. అలవాటుగా చివరి వాక్యమే ముందు చదివాను. చరిత్ర శాఖలోని తాత్కాలిక అధ్యాపకుని సేవలు ఈ నెలాఖరుతో ముగుస్తాయట.

ఆ వాక్యం రాయలేదు. పాపం, ప్రసంగమన్నా సంతోషంగా చేసుకోనీ, తర్వాత నేనే నిదానంగా చెబుదాం అనుకున్నాను. పెద్ద దయగలదాన్ని మరి! చిత్తును ముక్కలు చేసి ల్యాబులో బీరువా వెనక పడేశాను. పడేశాక గాని తెలిసి రాలేదు, దొరికితే నా ఉద్యోగం కూడా ఊడుతుందని.

శనివారం ప్రసంగంలో ఒక్క మాట నా చెవికెక్కలేదు. ప్రిన్సిపాల్ గారి చేతిలో ఆ కాగితం ఉంది. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి మడిచి దాంతో విసురుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం బస్సులో ముందు సీట్లోంచి అన్న వెనక్కి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇయ్యాళ పొద్దున నాకు ఆత్మకూరులో ఇంటర్వ్యూ ఉండెమ్మా. హైస్కూల్లో పర్మనెంటు పోస్టు."

"పోలేదా అన్నా?"

"కాలేజీ వదిలి బడికి ఎందుకు పోవాల? నిన్న కాగితం జూస్తి. మూడుసార్లు జూస్తి. అడుగున నా ముచ్చటే లేదు. ఉంటే ప్రసంగమూ వద్దు, ఏమీ వద్దని ఆడికే పోతాంటి."

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే సోమవారమన్నా ఆత్మకూరు వెళ్లి కాళ్లావేళ్లా పడేవాడేమో. ఆళ్లగడ్డ వచ్చేదాకా చెబుదామనే కూర్చున్నాను. బస్సు ఆగింది, దిగాను, ఇంటికి వెళ్లిపోయాను. నాకు భయమేసింది. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

నెలాఖరున ఆయన్ను ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచారు. బయటికి వచ్చి సరాసరి స్టాఫ్ రూములో నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ కాగితం. ఇప్పుడు నన్ను నిలదీస్తాడు, నా పని అయిపోయింది అనుకున్నాను.

"కాగితంలో ఏసినాం గదా, సూసుకోల్యా అంటాండాడమ్మా ఆయప్ప. నా దాంట్లో యాడా లేదు. నీ కాగితం ఉందా? ఒకసారి జూస్తా."

"లేదన్నా. పారేశాను." అది నా సంచిలోనే ఉంది.

ఆయన తన కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఖాళీగా ఉన్న అడుగు భాగాన్ని వేలితో తడిమాడు.

"అడుగున సిరా అందుకోల్యేమో. నువ్వు రాసే ఉంటావ్ లే. నా కర్మకు నా కాగితంలోనే పడలే."

అవునేమో అన్నాను.